నది పక్కకు జరిగితే సరిహద్దు కూడా జరుగుతుందా? మ్యాప్‌లో రియో గ్రాండే

అందరికీ నమస్కారం. ఫోన్‌లో మ్యాప్ తెరిచి, శాటిలైట్ వ్యూ పెట్టి, ఎల్ పాసో అని వెతకండి. పైన అమెరికా ఊరు ఎల్ పాసో, కింద మెక్సికో ఊరు సియుదాద్ హువారెజ్. మధ్యలో సన్నగా కనిపించేదే రియో గ్రాండే. మెక్సికో వాళ్లు రియో బ్రావో అంటారు. కొలరాడో కొండల్లో పుట్టిన ఈ నది, ఇక్కడి నుంచి సముద్రం దాకా దాదాపు 2,000 కిలోమీటర్లు రెండు దేశాలకూ హద్దు.

1848 ఒప్పందంలో నది మధ్య గీతే సరిహద్దు అని రాసుకున్నారు. బాగానే ఉంది కానీ, నది ఒకచోట ఉంటే కదా! ఒండ్రు నేలలో మలుపు బయటి గట్టు కోసుకుపోతుంది, లోపలి గట్టున ఇసుక మేట వేస్తుంది. గోదావరి లంకల వాళ్లకు ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు.

అందుకే 1884లో ఇంకో ఒప్పందం. గట్టు మెల్లగా కోతపడి నది జరిగితే సరిహద్దూ దాంతోపాటే జరుగుతుంది. వరదకు నది ఒక్కసారిగా కొత్త దారి పడితే మాత్రం సరిహద్దు పాత దారిలోనే ఉంటుంది. మరి కొంత మెల్లగా, కొంత వరదకు జరిగితే? ఎల్ పాసో దగ్గర అదే అయింది. 1864 వరద తర్వాత నది దక్షిణానికి జరిగి, చామిజాల్ అనే మెక్సికో నేల అమెరికా వైపు వచ్చి పడింది. 1911లో మధ్యవర్తులు అందులో కొంత మెక్సికోదే అన్నారు, అమెరికా ఒప్పుకోలేదు. చివరికి 1963లో రాజీ కుదిరింది. ఆ నేలలో చాలా భాగం మెక్సికోకు ఇవ్వడంతో, అక్కడ ఉంటున్న ఐదు వేల మందికి పైగా ఇళ్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. నదిని కాంక్రీటు కాలువలోకి మళ్లించారు. జూమ్ చేయండి, ఇక్కడ నది తిన్నగా ఉండటానికి కారణం అదే.

ఇప్పుడు కిందికి జరపండి. ఎల్ పాసో దాటాక నీళ్లన్నీ పొలాలకే పోయి, నది చాలాచోట్ల ఎండిపోయినట్టే ఉంటుంది. మళ్లీ ప్రాణం పోసేది ఒహినాగా దగ్గర కలిసే కాంచోస్, మెక్సికో నది. 1944 ఒప్పందం ప్రకారం కాంచోస్‌తో కలిపి ఆరు ఉపనదుల నీళ్లలో మూడో వంతు అమెరికాది. అది ఐదేళ్ల సగటున ఏడాదికి మన లెక్కలో 15 టీఎంసీలకు తగ్గకూడదు. కరువొస్తే ఈ బాకీ మీద పేచీ మొదలు. కృష్ణా జలాల గొడవలు చూసినవాళ్లకు ఇందులో కొత్తేమీ కనిపించదు.

తర్వాత బిగ్ బెండ్ నేషనల్ పార్క్. టెక్సాస్‌లో ఉంటున్న మనవాళ్లు సెలవుల్లో వెళ్లే చోటే. సాంటా ఎలెనా లోయలో రెండు వైపులా దాదాపు 450 మీటర్ల సున్నపురాతి గోడలు. ఇక్కడ నది జరగడమనే మాటే లేదు కాబట్టి హద్దు తగాదా కూడా లేదు.

చివరగా, నది సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో ఉన్న టెక్సాస్ ఊరు బ్రౌన్స్‌విల్‌కి రండి. ఊరి మధ్యలో మెలికలు తిరిగిన చెరువులు కనిపిస్తున్నాయా? వాటిని రెసాకాలంటారు. అవి ఒకప్పటి నది పాయలు. ఇప్పుడున్న నది ఎక్కడుందో వెతికి, ఎంత దూరం జరిగిందో కొలిచే టూల్‌తో చూసి కామెంట్‌లో పెట్టండి.