కాళ్లు లెక్కపెట్టండి

పిల్లలకూ, ఈ ఏడు మిరప పెట్టబోయే పెద్దలకూ నమస్కారం.

మిరుగం వానలకు మీ చెల్కల్లో ఆరుద్ర పురుగులు కనబడ్డాయా? ఎర్రటి మఖమల్ గుడ్డలా మెత్తగా ఉంటాయి. చిన్నప్పుడు వాటిని అగ్గిపెట్టెలో పెట్టుకొని బడికి తెచ్చేవాళ్లం. కాళ్లు మాత్రం ఎన్నడూ లెక్కపెట్టలేదు. ఎనిమిది! కీటకానికి ఆరే. అంటే అది సాలీడుకు, తేలుకు, గొడ్లను పట్టే గోమారుకు చుట్టం.

వెన్నెముక లేని ఇలాంటి జంతువులన్నీ అకశేరుకాలు. ఇప్పటిదాకా గుర్తించిన జంతుజాతుల్లో నూటికి 95కు పైగా ఇవే. అంత పెద్ద లోకానికి, లేని ఎముకను పట్టుకొని పేరు పెట్టడం నాకు అన్యాయంగానే తోస్తుంది. జీవులను గుంపులుగా విడదీసిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1758లో వీటన్నింటినీ రెండే మూటలు కట్టాడు. సాలీడు, ఎండ్రికాయ కీటకాల మూటలో. ఎర్ర, జలగ, నత్త ఇంకోదాంట్లో. 1793లో పారిస్ మ్యూజియం ఈ మూటలను లామార్క్‌కు అప్పగించింది. అప్పటిదాకా ఆయన మొక్కల శాస్త్రవేత్త, వయసు యాభైకి దగ్గర పడింది. ఆ వయసులో కొత్తగా నేర్చుకొని మూటలు విప్పాడు. సాలీళ్లను, ఎండ్రికాయలను కీటకాల నుంచి విడదీశాడు. ఒళ్లంతా ఉంగరాలుండే ఎర్రను, జలగను అనెలిడా అనే గుంపులో చేర్చాడు. నాకు ఆయన మీద ఎంతో గౌరవం.

ఆ విడదీతతో మనకేం పని అంటారా? మా బాపు మిరప తోట సంగతి వినండి. ఆకు ముడత వచ్చింది. దుకాణంలో ఇచ్చిన కీటకాల మందు మూడుసార్లు కొట్టాడు, ముడత తగ్గలేదు. తామర పురుగు పడితే ఆకు అంచులు పైకి ముడుచుకొని దోనెలా అవుతాయి. నల్లి (మంచం నల్లి కాదు, ఆకు నల్లి) పడితే కిందికి, బోర్లించిన దోనెలా. మాది కింది ముడత. తామర పురుగు ఆరు కాళ్ల కీటకం. నల్లి ఆరుద్ర పురుగు చుట్టం. కీటకాల మందుల్లో చాలావాటికి నల్లి లొంగదు. పైగా దాన్ని తినే పురుగులు చచ్చి, అది ఇంకా పెరగొచ్చు. అప్పటికి నేను డిగ్రీలో జువాలజీ చదువుతున్నాను. ఒక్క ఆకు తిప్పి చూడలేదు. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

భూతద్దాలు తెచ్చాను. ముందు ఆరుద్ర పురుగు కాళ్లు లెక్కపెడదాం, తర్వాత ఆకులు తిప్పుదాం. ఒక్క జాగ్రత్త: గుడ్డులోంచి అప్పుడే వచ్చిన నల్లి పిల్లకు ఆరు కాళ్లే ఉంటాయి, నాలుగో జత తర్వాత వస్తుంది. పెద్దదాన్ని వెతకండి.