గాలిని కాదు, కట్టెను తగ్గించండి

మిత్రులకు నమస్కారం.

కట్టెల మంట వేడితో, పొగతో మాంసాన్ని నెమ్మదిగా వండే పొయ్యి, అదే ఆఫ్‌సెట్ స్మోకర్, దాని దగ్గర కొత్తగా నిలబడినవారిని గమనించండి. వేడి 150 డిగ్రీల సెల్సియస్ దాటిందంటే చాలు, కంగారుగా వెళ్లి మంటకు గాలి అందించే గాలి తలుపు మూసేస్తారు. వేడి చూపే మీటరు ముల్లు దిగుతుంది, నిజమే. మాంసం రుచి చెడిపోవడం మొదలయ్యేది కూడా అప్పుడే.

ఈ స్మోకర్‌లో పక్కన మంట పెట్టె, దాన్ని ఆనుకుని మాంసం ఉంచే పొడవాటి గది, అవతలి కొసన పొగగొట్టం ఉంటాయి. గొట్టంలోంచి వేడిగాలి పైకి పోతున్నకొద్దీ మంట పెట్టెలోకి కొత్త గాలి వచ్చి చేరుతుంది. కాబట్టి గొట్టం మూతను పూర్తిగా తెరిచి, ఇక దాన్ని ముట్టుకోకండి. గాలి తలుపుతో చిన్నపాటి సవరణలు చేసుకోవచ్చు, అంతవరకే.

గాలి చాలని కట్టె మండదు, కుములుతుంది. దానిలోంచి వచ్చే ఆవిర్లు పూర్తిగా కాలకుండానే తెల్లటి దట్టమైన పొగగా మారి మాంసానికి పట్టేస్తాయి. ఆ ముక్క నోట పెట్టుకుంటే చేదు, నాలుక మీద మొద్దుబారినట్టు ఉంటుంది. ఎంత మసాలా పట్టించినా ఆ చేదు పోదు. చక్కగా మండే మంట పొగ లేత నీలంగా, ఒక్కోసారి కంటికి ఆననంత పలుచగా ఉంటుంది. నేను ముల్లు కంటే ముందు గొట్టం నోటినే చూస్తాను.

మరి వేడిని అదుపు చేసేదెలా? కట్టె పరిమాణంతో. కణకణలాడే నిప్పుల మీద, బాగా ఎండిన సన్నపాటి చీలిక ఒక్కటి. అది నిప్పులుగా మారుతుండగా మరొకటి. చాలా స్మోకర్లలో ఇది అరగంట నుంచి ముప్పావుగంటకు ఒకసారి వచ్చే పని. తర్వాత వేయబోయే కట్టెను మంట పెట్టె మీద ఉంచి వేడెక్కనివ్వండి. అలా కాగిన కట్టె వేయగానే అంటుకుంటుంది, తెల్లపొగ దాదాపు రాదు. వేసిన వెంటనే పెట్టె తలుపు కాసేపు ఓరగా తెరిచి ఉంచితే ఇంకా మంచిది.

వేడి 110 నుంచి 135 డిగ్రీల మధ్య ఉంటే చాలు. పది డిగ్రీలు అటూ ఇటూ ఊగినందుకు ఆందోళన అక్కర్లేదు. మూత మీది మీటరు చూపేది ఆ ఎత్తులోని వేడిని. మాంసం ఉన్నది జాలీ మీద. అందుకే జాలీ పక్కన ఇంకో థర్మామీటరు ఉంచుకోవాలి. మంట పెట్టె వైపు సెగ ఎక్కువ కనుక ముక్క లావుపాటి కొసను అటు తిప్పండి.

ఇంకో సంగతి. మాంసం లోపలి వేడి 70 డిగ్రీల దగ్గరికి వచ్చి గంటల తరబడి కదలకుండా ఉండిపోతుంది. పైనున్న తడి ఆవిరవుతూ మాంసాన్ని చల్లబరచడమే దీనికి కారణం. మంటలో లోపమేమీ లేదు. దయచేసి అప్పుడు కట్టెలు ఎగదోయకండి.

మంట మరీ పెద్దదైతే తర్వాతి కట్టె ఆలస్యంగా వేయండి. అదీ చాలకపోతే కొన్ని నిప్పులను పారతో తీసి, మూత ఉన్న ఇనుప బకెట్‌లో పోయండి. కట్టె వేసినా వేడి పెరగకపోతే మంట పెట్టె అడుగున చూడండి. బూడిద పేరుకుని గాలికి అడ్డం పడి ఉంటుంది. దాన్ని లాగేసి, ఆ తర్వాతే కొత్త కట్టె వేయండి.