చల్లారితేనే పండగ కూర: జార్జియా సత్సివి

అక్క: నమస్తే అండీ. ఈ వారం స్టూడియో లేదు, మా వంటగదే. వెనకాల మిక్సీ చప్పుడు వినిపిస్తే ఏమనుకోకండి. జార్జియా రాజధాని తిబిలీసిలో మెడిసిన్ చదివొచ్చిన మా తమ్ముడు పొద్దున్నుంచీ అక్రోట్లు రుబ్బుతున్నాడు. ఏంట్రా ఇది?

తమ్ముడు: సత్సివి అక్కా. జార్జియాలో కొత్త సంవత్సరానికి ఇది లేకుండా బల్ల సర్దరు. సీమకోడితో, అంటే టర్కీ కోడితో చేస్తారు, అది దొరక్కపోతే మామూలు కోడి. కానీ అసలు సంగతి కోడి కాదు, గ్రేవీ.

అక్క: పేరుకేమైనా అర్థం ఉందా?

తమ్ముడు: ‘త్సివి’ అంటే చల్లన. చల్లగా తినే కూర అన్నమాట.

అక్క: పండగ పూట చల్లారిన కూరా? మనింట్లో అయితే నాన్న కంచం పక్కకి తోసేస్తారు.

తమ్ముడు: నాకూ మొదటిసారి అదే అనిపించింది. మేం అద్దెకున్న ఇంటి ఓనరమ్మని బెబో అనేవాళ్లం, అంటే అమ్మమ్మ. డిసెంబరు 31 మధ్యాహ్నానికే వండేసి, గిన్నె తీసుకెళ్లి చలికి బాల్కనీలో పెట్టింది. అర్ధరాత్రి దాటాక చుట్టాలు వస్తూనే ఉంటారు కదా, అప్పుడెవరు పొయ్యి దగ్గర నిలబడతారు? పైగా రెండో రోజుకి రుచి ఇంకా దిగుతుంది. మన చేపల పులుసు లాగా.

అక్క: ఆ, అలా చెప్పు! అర్థమైంది. సరే, ఎలా చేస్తారు?

తమ్ముడు: కోడిని ముందు నీళ్లలో ఉడికించి, తర్వాత ఓవెన్‌లో ఎర్రగా కాల్చి ముక్కలు కొడతారు. ఉడికిన నీళ్లు పారబోయరు, గ్రేవీకి అవే. అక్రోట్లు తెల్లగా, కొత్తవి ఉండాలి. పాతబడితే చేదు. బెబో కీమా మెషిన్‌లో రెండు మూడుసార్లు తిప్పేది. వెల్లుల్లి, ధనియాలు, ఎండుమిరప, కాస్త దాల్చినచెక్క, లవంగం, చివర్లో వెనిగర్.

అక్క: ఈ పసుపు రంగు పొడేంటి? పసుపేనా?

తమ్ముడు: బంతిపూల రేకులు!

అక్క: గుమ్మానికి కట్టే బంతిపూలా?

తమ్ముడు: అవే అక్కా. ఎండబెట్టి పొడి చేస్తారు. ఇమెరెతి కుంకుమపువ్వు అని గొప్పగా పిలుస్తారు. ఇంకోటి ఉంది, ఉత్స్‌ఖో సునేలి. మన మెంతులకి దగ్గర చుట్టమే, నీలం పువ్వు పూస్తుంది, చేదు తక్కువ. ఆ పేరుకి ‘పరాయి మసాలా’ అని అర్థం.

అక్క: మరి ఇందాక ముద్దని గుప్పిట్లో పట్టుకుని పిండావెందుకు?

తమ్ముడు: రుబ్బిన అక్రోటు ముద్దలో మసాలాలు కలిపి గట్టిగా పిండితే నూనె దిగుతుంది. చూడు, గిన్నెలో రెండు చెంచాలు కూడా లేదు. దాన్ని దాచి, వడ్డించేముందు తెల్లటి గ్రేవీ మీద చుక్కలు చుక్కలుగా వేస్తారు. బెబో ఆ పని ఎవరికీ ఇచ్చేది కాదు.

అక్క: దేంతో తింటారు? అన్నమా?

తమ్ముడు: మామూలుగా రొట్టె. పడమట సమెగ్రెలో వైపు అయితే ఘోమి, అంటే మొక్కజొన్న సంకటి. పొగలు కక్కే సంకటి మీద చల్లటి సత్సివి! రాగిసంకటి, నాటుకోడి పులుసు గుర్తొచ్చి కళ్లలో నీళ్లు తిరిగాయి నాకు.

అక్క: పాపం! సంక్రాంతికి రాలేకపోయావు కూడా.

తమ్ముడు: అదే తమాషా. పాత క్యాలెండర్ ప్రకారం వాళ్లు జనవరి 14న ఇంకోసారి కొత్త సంవత్సరం చేసుకుంటారు. అమ్మ వీడియో కాల్‌లో అరిసెలు చూపిస్తోంది, నా ముందేమో సత్సివి, పక్కనే తేనెపాకంలో అక్రోట్లు వేసి చేసిన గోజినాకి. అచ్చం మన పల్లీపట్టీ అనుకో.

అక్క: ఇది సలసలా మరిగించకూడదన్నావేం?

తమ్ముడు: ఎక్కువ మరిగితే నూనె విడిపోయి గ్రేవీ విరుగుతుంది. సన్నసెగ మీద కాసేపే. ఇక ఫ్రిజ్‌లో పెడుతున్నా, రేపటిదాకా ఎవరూ ముట్టుకోవద్దు.

అక్క: ఒరేయ్, అమ్మ గిన్నె పట్టుకుని నిలబడింది. వేడి చేసి పెట్టనా అంటోంది.

తమ్ముడు: అమ్మా! వద్దు! స్టవ్ ఆపు!