షుగరు ఒక్కటే, గుండెకు ముప్పు ఒక్కటి కాదు

శ్రోతలకు నమస్కారం.

షుగరు వ్యాధి ఉన్నవారికి గుండెజబ్బు వచ్చే ముప్పు, అది లేనివారికంటే సుమారు రెండింతలు ఉంటుందని మీలో చాలామంది డాక్టర్ల నోట వినే ఉంటారు. అయితే ఆ ముప్పు షుగరు ఉన్న అందరికీ సమానంగా ఉండదనీ, ఆదాయమూ చదువూ తగ్గుతున్నకొద్దీ పెరుగుతూ పోతుందనీ చెప్పేవారు తక్కువ. ఈనాటి నా ప్రసంగం ఆ సంగతి గురించే.

షుగరూ గుండెపోటూ కూర్చుని తినేవాళ్ల జబ్బులన్న నమ్మకం మన ఊళ్లలో ఇంకా పూర్తిగా పోలేదు. అది తప్పని గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో ఇరవయ్యేళ్ల కిందటే తేలింది. 2004 అక్టోబరుతో ముగిసిన ఏడాదిలో అక్కడ సంభవించిన 1,354 మరణాల గురించి ఆరోగ్య కార్యకర్తలు ఆ ఇళ్లకు వెళ్లి, కుటుంబసభ్యులను అడిగి వివరాలు సేకరించగా, వాటిలో 32 శాతానికి గుండెజబ్బు, పక్షవాతం వంటి రక్తప్రసరణ సంబంధమైన జబ్బులే కారణమని వెల్లడైంది. అంటువ్యాధుల వాటా అందులో సగమైనా లేదు. ఆ తరవాత భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన మధుమేహ సర్వే 2017లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, చండీగఢ్, మహారాష్ట్ర, తమిళనాడు పట్టణ ప్రాంతాల్లో కలిగినవారికంటే పేదవారిలోనే షుగరు ఎక్కువగా ఉంది.

ఇక గుండెపోటు వచ్చాక ఏం జరుగుతోందో చూద్దాం. మన దేశంలోని 50 నగరాల్లో 89 ఆసుపత్రులలో చేరిన 20,468 మంది రోగుల వివరాలతో క్రియేట్ పేరిట ఒక పెద్ద అధ్యయనం జరిగి, 2008లో లాన్సెట్ వైద్యపత్రికలో వెలువడింది. ఆ రోగులలో సుమారు 30 శాతం మందికి షుగరు ఉంది. ఆసుపత్రికి చేరిన పేదవారిలో నెల రోజుల లోపల మరణించినవారు 8.2 శాతం కాగా, ధనికులలో 5.5 శాతం. కొలెస్ట్రాల్ తగ్గించే మందులు ధనికులలో 61 శాతం మందికి అందితే, పేదలలో 36 శాతం మందికే అందాయి. మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరిచే యాంజియోప్లాస్టీ ధనికులలో 15 శాతం మందికి జరిగితే, పేదలలో నూటికి ఇద్దరికి జరిగింది. చికిత్సలోని ఈ తేడాలను లెక్కలోకి తీసుకుని చూస్తే, మరణాలలోని తేడా కనబడకుండా పోయింది. అంటే ఆసుపత్రిలో చేరాక పేదవాడి ప్రాణానికి ఎక్కువగా ముప్పు తెచ్చింది అతని ఒంట్లోని జబ్బు కాదు, అతనికి అందని వైద్యం.

అయితే వైద్యం అందరికీ అందితే ఈ తేడా పోతుందా? ఈ ప్రశ్నకు జవాబు స్వీడన్‌లో దొరుకుతుంది. అక్కడ మందుల మీద రోగి పెట్టవలసిన ఖర్చుకు ఏడాదికి ఒక పరిమితి ఉంది; అది దాటితే మిగిలినది ప్రభుత్వమే భరిస్తుంది. అటువంటి దేశంలో కూడా, టైప్ 2 షుగరు ఉన్న 2 లక్షల 17 వేల మందిని కొన్నేళ్లపాటు గమనించి 2016లో ప్రకటించిన అధ్యయనంలో, అట్టడుగు ఆదాయ వర్గంలో గుండె, రక్తనాళాల జబ్బులతో మరణించే ముప్పు పై వర్గంకంటే సుమారు 1.9 రెట్లు ఉన్నట్టు తేలింది. మందులు చౌకగా దొరికినా మిగిలిపోయే ఈ తేడాకు మూలం ఆసుపత్రి బయట, మనిషి రోజు గడిచే తీరులో ఉందని నేననుకుంటాను.

ఆ తీరు ఎలా ఉంటుందో మనకు తెలియనిది కాదు. పరగడుపున ఒకసారి, తిన్న రెండు గంటలకు మరోసారి రక్తం ఇవ్వాలంటే రోజుకూలీకి సగం రోజు పని పోతుంది. చేతిలో డబ్బు ఆడనప్పుడు రెండు పూటల మాత్ర ఒక పూటకు తగ్గుతుంది. ఇంట్లో ఇద్దరికీ షుగరు ఉంటే, ముందు ఆగిపోయేది చాలాసార్లు ఇల్లాలి మాత్రలే. షుగరు వల్ల గుండెకు అదనంగా చేరే ముప్పు మగవారికంటే ఆడవారిలో ఎక్కువన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి. ఉప్పు తగ్గించమని సలహా ఇవ్వడం తేలికే గాని, పచ్చడే కూర అయిన ఇంట్లో ఆ సలహా కంచంలో ఏం మిగులుస్తుందో సలహా ఇచ్చేవారు కాస్త ఆలోచించాలి. పైగా షుగరు చాలాకాలంగా ఉన్నవారిలో నరాలు దెబ్బతిని, గుండెపోటు వచ్చినా ఛాతీనొప్పి తెలియకపోవచ్చు. ఆయాసమో చెమటలో నీరసమో కనిపిస్తే, గ్యాస్ అనుకుని ఒక మాత్ర మింగి పనిలోకి వెళ్లే మనిషి ఎంత సమయం పోగొట్టుకుంటున్నాడో అతనికే తెలియదు. నేను చెప్పిన క్రియేట్ అధ్యయనంలో లక్షణాలు మొదలయ్యాక ఆసుపత్రి చేరడానికి సగం మంది రోగులకు 6 గంటలో, అంతకంటే ఎక్కువో పట్టింది.

మన రాష్ట్రాల్లో 2005లో 108 అంబులెన్సులూ, 2007లో ఆరోగ్యశ్రీ పథకమూ వచ్చాక గుండె ఆపరేషన్ అంటే ఇల్లు అమ్ముకోవలసిందేనన్న భయం చాలావరకు తగ్గింది. అది చిన్న విషయం కాదు. కానీ ఆ పథకం ప్రధానంగా ఆసుపత్రిలో చేరి పొందే చికిత్సలకు ఉద్దేశించినది. ఆపరేషన్ దాకా రాకుండా ఆపగలిగిన బీపీ, కొలెస్ట్రాల్ మాత్రలు నెలనెలా, ఏళ్ల తరబడి వాడవలసినవి. పేదవాడి గుండె తప్పిపోతున్నది ఆ నెలల మధ్యలోనే.

చివరగా ఒక చిన్న లెక్క గురించి చెప్పి ముగిస్తాను. స్కాట్లండ్‌లో రాబోయే పదేళ్లలో గుండెజబ్బు ముప్పు ఎంతో అంచనా వేయడానికి అసైన్ అనే పద్ధతి ఉంది. అందులో వయసు, బీపీ, కొలెస్ట్రాల్, షుగరు, పొగతాగే అలవాటుతో పాటు, రోగి నివసించే పేట ఎంత పేదదన్నది కూడా లెక్కలో కలుపుతారు. రక్తపరీక్షలు ఒకేలా ఉన్న ఇద్దరిలో పేదపేటలో ఉన్న మనిషికి ముప్పు ఎక్కువని తేలుతుంది కనుక, కొలెస్ట్రాల్ మాత్ర అతనికి ముందుగా మొదలవుతుంది. ఇదే ముప్పును అంచనా వేయడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ప్రాంతపు దేశాల కోసం తయారుచేసిన పట్టికలో వయసు ఉంది, బీపీ ఉంది, షుగరు ఉంది, కొలెస్ట్రాల్ ఉంది; చిరునామాకు గడి లేదు.