ముందు ఇనుము, తర్వాత చెక్క

శ్రోతలకు నమస్కారం.

మా పర్లాకిమిడిలో నాకు తెలిసిన వడ్రంగి మేస్త్రి ఒకాయన ఇప్పటికీ నేలమీదే కూర్చుని పనిచేస్తాడు. చెక్కని పాదం కింద తొక్కిపట్టి చిత్రిక పడతాడు. చెక్కని కదలకుండా బిగించిపట్టే ఇనుప సాధనాన్ని వైస్ అంటారు కదా, ఆయనకి వైస్ అంటే కాలి బొటనవేలే. నాకు నడుం వంగదు. అందుకని నిలబడి పనిచేసుకునే బల్ల చేసుకుందామని, అచ్చయిన అమెరికా ప్లాను ఒకటి ముందేసుకున్నాను.

ప్లానులో "రెండు బై నాలుగు" అని ఉంది. సామిల్లుకి వెళ్లి గుగ్గిలం చెక్క సరిగ్గా రెండంగుళాలు, నాలుగంగుళాలుగా కోయించాను. అక్కడే దెబ్బతిన్నాను. అమెరికాలో ఆ పేరుతో అమ్మే చెక్క నిజంగా ఉండేది ఒకటిన్నర అంగుళం మందం, మూడున్నర అంగుళాల వెడల్పే! ఆరబెట్టి, చిత్రిక పట్టాక మిగిలేది అంతే. పేరు మాత్రం పాతదే. ఆ సంగతి అక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు కాబట్టి ప్లాను గీసినాయన కూడా చెప్పలేదు.

రెండేసి చెక్కలు అతికించిన కాలు మూడంగుళాలు ఉండాల్సింది నాలుగయింది. చెక్కల్ని నిలబెట్టి అతికించిన బల్లపైభాగం మూడున్నరకి బదులు నాలుగంగుళాల మందం తేలింది. చూపుకి గట్టిగా, అందంగానే ఉంది. వైస్ బిగించడానికి ప్లానులో చూపిన చోటే కొలిచి, అడుగున నాలుగు కన్నాలు పొడిచాను. గుగ్గిలం గట్టి చెక్క, బరమా వేడెక్కి పొగొచ్చింది. తీరా వైస్ తెచ్చి చూస్తే, దాని బోల్టు రంధ్రాలు ఒకచోట, నా కన్నాలు ఇంకోచోట. పైగా స్క్రూకి అటూ ఇటూ ఉండే కడ్డీల్లో ఒకటి బల్లకాలికి గుద్దుకుంది.

మేస్త్రి వచ్చి చూసి, "ఇనుము ఎదురుగా లేకుండా కన్నం ఎలా పొడిచేశావు బాబూ?" అన్నాడు.

మన పర్లాకిమిడి చిన్న రైలు 1900లో మొదలైనప్పుడు పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులు. ఇప్పుడు బ్రాడ్‌గేజి, అయిదున్నర అడుగులు. పాత బోగీ ఎంత బాగున్నా ఈ పట్టాలెక్కదు కదా! వైసులూ అంతే. చెక్కని నొక్కిపట్టే ఇనుప పలకని దవడ అంటారు. అన్నీ ఏడంగుళాల దవడవే అయినా, ఒక్కో తయారీలో కడ్డీల ఎడం, బోల్టుల చోటు వేరు.

కాబట్టి వైస్ ముందు కొనండి. బల్లని బోర్లించి, వైస్‌ని దానిమీద పెట్టి, దవడని పూర్తిగా బయటికి లాగి, మళ్లీ లోపలికి తిప్పి, కడ్డీలు కాలికి తగలవని చూసుకున్నాకే పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. ఇనుప దవడ పైఅంచు బల్లమట్టానికి అరంగుళం కిందుండాలి, లేకపోతే చిత్రిక బ్లేడు ఇనుముకి తగులుతుంది. బల్ల పలచనైతే అడుగున ముక్క వేసి దింపుతాం. నాది మందం కాబట్టి ఉలితో అడుగున గాడి తొలవాల్సొచ్చింది. ఒక ఆదివారం మొత్తం దానికే పోయింది.

ఇక దవడలకి తొడిగే టేకు పలకలు. వీటిని బల్లమట్టం దాకా రానిచ్చి, ముందువైపు పలకని కొంచెం ఏటవాలుగా చిత్రిక పట్టాలి. మెల్లగా మూస్తే పైఅంచులు ముందు కలవాలి, అడుగున పోస్టుకార్డు దూరేంత సందు ఉండాలి. బిగించేకొద్దీ దవడ పైన వెనక్కి వాలుతుంది, అప్పుడు ఆ సందు మూసుకుని పట్టు అంతటా సమానంగా పడుతుంది. చిన్న ముక్కని ఓ పక్కనే బిగించాల్సొస్తే రెండో పక్కన అంతే మందం ముక్క పెట్టండి. లేదంటే దవడ పక్కకి మెలితిరుగుతుంది.

స్క్రూకి నేను మొదట గ్రీజు పూశాను. రంపప్పొట్టు అంతా దానికే అంటుకుని, వానాకాలం వచ్చేసరికి పిండిముద్దలా అయి పిడి తిరగలేదు. కిరసనాయిలుతో కడిగి, కొవ్వొత్తి మైనం రుద్దాను. ఇప్పుడు ఒక వేలితో తిరుగుతోంది.

నమస్కారం.