విలన్ మొహంతో వచ్చిన మంచివాళ్ళు

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, సెలవు రోజున కూడా ఈ నాటక శిక్షణ శిబిరానికి వచ్చిన టీచర్లకు, తల్లిదండ్రులకు నమస్కారం. అందరినీ పేరుపేరునా తలుచుకోవాలని ఉంది గానీ సమయం తక్కువ, మన్నించండి.

నాకిచ్చిన అంశం ‘పిల్లల మీద కార్టూన్ల ప్రభావం’. దాని మంచిచెడ్డలు మీరు చాలాసార్లు వినే ఉంటారు. నేను ఒకే ఒక్క ఎపిసోడ్ గురించి చెబుతాను.

దూరదర్శన్‌లో ఆదివారం పూట డక్‌టేల్స్ చూసినవాళ్ళు ఒకసారి చేతులెత్తండి. ఆహా, చాలామందే ఉన్నారు. అందులో విమానం ఎక్కితే చాలు ఎక్కడో ఒకచోట కూల్చేసే పైలట్ లాంచ్‌ప్యాడ్ గుర్తున్నాడా? అతన్నే తీసుకుని డిస్నీ వాళ్ళు 1991లో ఇంకో సీరీస్ మొదలుపెట్టారు, డార్క్‌వింగ్ డక్ అని. దాని సృష్టికర్త టాడ్ స్టోన్స్. మొత్తం 91 ఎపిసోడ్లు. సెయింట్ కనార్డ్ అనే ఊళ్ళో రాత్రిపూట ముసుగేసుకుని దొంగల్ని పట్టే బాతు కథ అది. లాంచ్‌ప్యాడ్ అతనికి తోడు. తాతను పోగొట్టుకున్న గోసలిన్ అనే అల్లరి పిల్లను ఆ బాతే పెంచుకుంటాడు.

ఆ ఊరికి నలుగురు దుర్మార్గులు. మెగావోల్ట్ ఒంటినిండా కరెంటు ఉన్న ఎలుక. క్వాకర్‌జాక్ ఒకప్పుడు బొమ్మలు చేసి అమ్మేవాడు, వీడియో గేమ్ వచ్చి అతని వ్యాపారాన్ని ముంచేసింది. లిక్విడేటర్ సీసా నీళ్ళు అమ్మేవాడు, పోటీదారుల నీళ్ళలో విషం కలిపాడు. నాలుగోవాడు బుష్‌రూట్. నెత్తి మీద ఊదారంగు రేకులు, చేతులకు బదులు తీగలు. మొదట్లో అతనో శాస్త్రవేత్త. మొక్కల్లా మనుషులు కూడా ఎండతోనే కడుపు నింపుకోవచ్చని పరిశోధన చేస్తుంటే తోటివాళ్ళు ఎగతాళి చేశారు. తన మీదే ప్రయోగం చేసుకుని ఇలా అయిపోయాడు. వీళ్ళకు నాయకుడు నెగాడక్, పసుపు కోటు వేసుకున్న అచ్చం డార్క్‌వింగ్.

మంచివాడి మొహంతో చెడ్డవాడు రావడం మనకు అలవాటే. మన డబుల్ రోల్ సినిమాలు సగం వాటి మీదే నడిచాయి. నేను చెప్పే ఎపిసోడ్‌లో జరిగింది దానికి తలకిందులు. నెగాడక్ పుట్టిన లోకం పేరు నెగావర్స్. డార్క్‌వింగ్ అక్కడికి వెళ్ళిపడతాడు. అక్కడ లాంచ్‌ప్యాడ్ గూండా. గోసలిన్ మాత్రం గౌను వేసుకుని, నెగాడక్‌కి భయపడుతూ బతికే మెత్తని పిల్ల. ఆ నలుగురూ అక్కడ కూడా ఉన్నారు. అదే ఎలుక, అవే రేకులు. డార్క్‌వింగ్ చూడగానే శత్రువులనే అనుకుంటాడు. తీరా చూస్తే వాళ్ళు ఒకరి మీద చెయ్యెత్తడం కూడా తెలియని మంచివాళ్ళు. ఆ లోకంలో నెగాడక్‌కి ఎదురు నిలవాల్సింది వాళ్ళే. నాకు మొదటిసారి చూసినప్పుడు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎందుకో చెప్పాలి.

మా తమ్ముడు నల్లగా, దుక్కలా ఉండేవాడు. గొంతు ఖంగుమని మోగేది. రాయబారం పద్యాలు మా తాతయ్య దగ్గర కూర్చుని నేర్చుకున్నాడు. మా బడిలో వార్షికోత్సవం వచ్చిందంటే వాడు కంసుడు, లేకపోతే మహిషాసురుడు. ఒక ఏడాది ధైర్యం చేసి ‘నేను కృష్ణుడు వేస్తాను సార్’ అని అడిగాడు. ‘నీకు కృష్ణుడేంట్రా! నువ్వు రాక్షసుడివైతే మేకప్ ఖర్చు కూడా ఉండదు’ అన్నారాయన. క్లాసంతా నవ్వింది. కృష్ణుడి వేషం ఒక తెల్లటి అబ్బాయికిచ్చారు. ఇచ్చి, వాడి మొహానికీ చేతులకూ నీలం రంగు పూశారు! నల్లనివాడు, పద్మనయనమ్ములవాడు అని పోతన పాడిన దేవుడి కోసం తెల్లపిల్లవాడికి రంగు పూసి, నల్లపిల్లవాడికి కొమ్ములు పెట్టారు. చెమటకు ఆ రంగు కారి కాలర్ అంతా నీలమైపోయింది. ఆ అబ్బాయికి పద్యం అందలేదు. తెర వెనక నిలబడి పద్యాలన్నీ పాడింది మా తమ్ముడే, నెత్తిన అట్ట కొమ్ములతో. చప్పట్లు ఎవరికి వెళ్ళాయో మీకు తెలుసు. ఆ తర్వాత వాడు స్టేజీ ఎక్కలేదు. ఇంట్లో కూడా పద్యం పాడలేదు. తాతయ్య బతిమాలినా పాడలేదు.

టీచర్లూ, మిమ్మల్ని నిందించడానికి రాలేదు. అయినా అడుగుతున్నాను, మీ బడిలో శూర్పణఖ ఎవరు? ప్రతి ఏడూ ఒకే అమ్మాయేనా? ఆ అమ్మాయి రంగేమిటి?

మళ్ళీ ఎపిసోడ్‌కి వస్తాను. డార్క్‌వింగ్ ఆ నలుగురికీ పోరాటం నేర్పి, చివరికి గోసలిన్‌ని వాళ్ళకే అప్పజెప్పి వస్తాడు. తన ఊళ్ళో రోజూ తన ప్రాణం తీయబోయే మొహాలకు పసిపిల్లను నమ్మి వదిలాడు. ఇలాంటిదే 2009లో బ్యాట్‌మ్యాన్ కార్టూన్ ఒకదాంట్లో వచ్చింది. ఇంకో భూమి మీద, బ్యాట్‌మ్యాన్‌కి శత్రువైన జోకరే రెడ్ హుడ్ అనే పేరుతో మంచి కోసం కొట్లాడతాడు. అదీ బాగుంటుంది గానీ నాకు బుష్‌రూటే ముఖ్యం. సెయింట్ కనార్డ్‌లో ఎగతాళికి విరిగిపోయినవాడు, పక్క లోకంలో అవే రేకులతో ఒక పిల్లకు కాపలా ఉన్నాడు. రాసినవాళ్ళు మొహం మార్చలేదు, వేషం ఒక్కటే మార్చి ఇచ్చారు.

మన దగ్గర చెయ్యలేమా? 1977లో ఎన్టీఆర్ ఒకే సినిమాలో కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు మూడూ వేస్తే మనవాళ్ళు మూడింటికీ చప్పట్లు కొట్టారు. పెద్ద నటుడికి ఇచ్చిన ఆ వీలు ఎనిమిదో తరగతి పిల్లవాడికి ఎందుకివ్వం?

శిబిరం చివరి రోజు నాటకానికి పాత్రల పంపకం అయిపోయిందని నిర్వాహకులు చెప్పారు. కాగితం చూశాను. దయచేసి దాన్ని పక్కన పెట్టండి. పిల్లలందరి చేతా కృష్ణుడి పద్యం ఒకటి, కంసుడి మాట ఒకటి చెప్పించండి. తెర ఇవతల కూర్చుని, మొహం చూడకుండా గొంతు విని ఎంచుకోండి. రేపు పొద్దున తొమ్మిదింటికి నేనూ వచ్చి మీతో కూర్చుంటాను. హార్మోనియం తెస్తాను.