గోతిక్ అడిగితే ఏ గోతిక్ ఇవ్వాలి?

(స్టూడియో చర్చ. పాల్గొన్నవారు: గ్రాఫిక్ డిజైనర్, అక్షరకళ బోధించే అధ్యాపకురాలు, శుభలేఖలు వేసే ప్రెస్ యజమాని.)

సమన్వయకర్త: నమస్కారం. సర్టిఫికెట్ తలమీద, బైక్ ట్యాంకు మీద, చేతి మీది పచ్చబొట్టులో కనిపించే కోసుకోసు అక్షరాలే ఇవాళ్టి మన విషయం. ప్రెస్సు నుంచే మొదలుపెడదాం. మీ దగ్గరికొచ్చి గోతిక్ ఫాంట్ కావాలంటే ఏం ఇస్తారండీ?

ప్రెస్ యజమాని: మా దగ్గర గోతిక్ అనరండీ, ‘ఆ సర్టిఫికెట్ ఫాంటు’ అంటారు. డీటీపీ కుర్రాడు ఓల్డ్ ఇంగ్లిష్ అనే ముళ్ల ఫాంటు తీస్తాడు. అక్కడితో అయిపోతుంది.

డిజైనర్: నాకు అయిపోలేదు సార్! ఒక క్లయింటు ఫోన్లో గోతిక్ అన్నాడు. నేను మూడు రోజులు కూర్చుని ముళ్లు ముళ్లుగా లోగో గీశాను. తీరా చూస్తే ఆయనకు కావాల్సింది సెంచురీ గోతిక్. గుండ్రంగా, నున్నగా ఉంటుందే, అది.

అధ్యాపకురాలు: తప్పు ఆయనదీ కాదు, మీదీ కాదు. ఆ పేరే అంత. ఇటలీ పండితులకు పాత రోమన్ల మీద మోజు. ఉత్తర యూరప్ వాళ్ల రాతను గోత్‌ల రాత, అంటే మోటువాళ్ల రాత అని వెక్కిరించారు. ఆ తిట్టే పేరైపోయింది. తర్వాత అమెరికా అచ్చు వ్యాపారులు అదే పేరు తీసుకెళ్లి, గీతల కొసల్లో చిన్న తోకలు లేని నున్నటి అక్షరాలకు తగిలించారు. మోరిస్ ఫుల్లర్ బెంటన్ 1902లో చేసిన ఫ్రాంక్లిన్ గోతిక్ అలాంటిదే. జపాన్‌లోనూ తోకల్లేని అక్షరాన్ని గోతిక్ అనే అంటారు. ముళ్ల అక్షరాలు కావాలంటే బ్లాక్‌లెటర్ అనండి, గొడవ ఉండదు.

సమన్వయకర్త: ఆ బ్లాక్‌లెటర్‌లోనూ రకాలున్నాయి కదా?

అధ్యాపకురాలు: ముఖ్యంగా నాలుగు. టెక్స్‌చురా, రొటుండా, ష్వాబాకర్, ఫ్రాక్టూర్. టెక్స్‌చురా అంటే లాటిన్‌లో నేత. 1455 ప్రాంతంలో జర్మనీలోని మైన్జ్‌లో గుటెన్‌బర్గ్ వేసిన బైబిల్ ఆ అక్షరాలదే, పేజీకి నలభై రెండు వరుసలు. దూరం నుంచి చూస్తే పేజీ మగ్గం మీద బట్టలా ఉంటుంది. నిలువు గీతలు పడుగు, మధ్య తెలుపు కూడా గీతంత వెడల్పే. అందుకే అక్షరాల మధ్య ఖాళీ పెంచకూడదని పిల్లలకు చెబుతాను. పెంచితే నేత విడిపోతుంది. రొటుండా ఇటలీ, స్పెయిన్‌లది, కాస్త గుండ్రం. ఫ్రాక్టూర్ అంటే విరిగినది. వంపు తిరగాల్సిన చోట విరుగుతుంది.

డిజైనర్: మేడమ్, ఫ్రాక్టూర్‌లో జర్మన్లే ఖాళీ పెంచేవారు కదా?

అధ్యాపకురాలు: నొక్కి చెప్పాల్సిన మాటకు మాత్రమే పెంచేవారు. వాళ్లకు వాలు అక్షరాలు లేవు మరి.

ప్రెస్ యజమాని: ఖాళీ సంగతి ఎలా ఉన్నా, అన్నీ పెద్దక్షరాలే పెట్టారంటే మాత్రం కొంప మునుగుతుంది. ఒకాయన ఇంగ్లిష్ శుభలేఖకు ఏదో జర్మన్ రకం ఎంచుకుని పేర్లన్నీ పెద్దక్షరాల్లోనే కావాలని పట్టుబట్టాడు. వద్దు బాబూ అన్నాను, వినలేదు. కార్డులు పంచాక చుట్టాల ఫోన్లు: ‘బెంకట ఎవరండీ?’ అని. ఆ అక్షరాల్లో ‘వి’, ‘బి’ కవల పిల్లలు! మళ్లీ వేశాం, సగం ఖర్చు నాది.

సమన్వయకర్త: (నవ్వుతూ) పెళ్లికొడుకు పేరే మారిపోయింది.

ప్రెస్ యజమాని: ఇంకోటి. స్క్రీన్ మీద కనిపించే సన్న గీతలు ప్రెస్సులో మిగలవు. నల్లటి నేల మీద తెల్ల అక్షరం వేస్తే ఇంకు పాకి వాటిని మింగేస్తుంది. బంగారు ఫాయిల్ అయితే మూలలు పూడుకుపోతాయి. అసలు సైజులో ప్రూఫ్ చూసి సంతకం పెట్టండి అని బతిమాలుతుంటాను. వాట్సాప్‌లో పెద్దది చేసి చూసి ఓకే అంటారు.

సమన్వయకర్త: ఈ అక్షరాలు చూడగానే కొందరికి హిట్లర్ గుర్తొస్తాడు. అది న్యాయమేనా?

అధ్యాపకురాలు: పూర్తిగా కాదు. నాజీలు మొదట్లో దాన్ని జర్మన్ అక్షరమని నెత్తిన పెట్టుకున్నారు. తర్వాత 1941 జనవరి 3న నాజీ పార్టీ పెద్ద అధికారి మార్టిన్ బోర్మన్ సర్క్యులర్‌తో వాళ్లే ఆపేశారు. అవి యూదుల అక్షరాలట! తమాషా ఏమిటంటే ఆ సర్క్యులర్ లెటర్‌హెడ్ మీద అచ్చైన పేరు ఫ్రాక్టూర్‌లోనే ఉంది. ఆక్రమించిన దేశాల్లో జనం ఆ అక్షరాలు చదవలేకపోవడం ఒక కారణమని చరిత్రకారులు అంటారు. జర్మనీలో ఫ్రాంక్‌ఫుర్టర్ అల్గమైనె పత్రిక పేరు ఇప్పటికీ ఫ్రాక్టూరే, వ్యాఖ్యల శీర్షికలకు 2007 దాకా వాడింది. న్యూయార్క్ టైమ్స్ పేరూ బ్లాక్‌లెటరే. అయినా జర్మన్ క్లయింటుకు పోస్టర్ చేస్తుంటే ఎర్రని నేల మీద నల్ల ఫ్రాక్టూర్ పెట్టకండి. వాళ్లకు అది నాజీల గొంతులా వినిపిస్తుంది.

డిజైనర్: నేనైతే ముందు క్లయింటును ఇది చదవడానికా, చూడటానికా అని అడుగుతాను. ఒకటి రెండు మాటలైతే ముళ్లు పెట్టు. చిరునామా, తేదీ, ఫోన్ నంబరు మామూలు అక్షరాల్లోనే. ఉచితంగా కావాలంటే గూగుల్ ఫాంట్స్‌లో యూనిఫ్రాక్టూర్ మగుంటియా ఉంది, పిరాటా వన్ ఉంది. మొదటిది కొంచెం చూసుకుని వాడాలి. పాత జర్మన్‌లో మాట మధ్య వచ్చే పొడవాటి ‘ఎస్’ అచ్చం ‘ఎఫ్’లా ఉంటుంది. మనవాళ్లకు అది వద్దు.

సమన్వయకర్త: తెలుగు అక్షరాలకు ఈ రూపం వేయొచ్చా?

అధ్యాపకురాలు: నాకు ఇష్టం లేదు. బ్లాక్‌లెటర్ పుట్టింది వెడల్పు పాళీ నుంచి. మన అక్షరం తాటాకు మీద గంటంతో గీసింది. దాని ప్రాణం వంపులో ఉంది. వంపు విరిస్తే ‘ద’, ‘ధ’, ‘థ’లను విడదీసే చిన్న గీత, చుక్క ముళ్లలో కలిసిపోతాయి.

డిజైనర్: అన్నీ విరవక్కర్లేదు మేడమ్. ఒక భయానక సినిమా టైటిల్‌కు తలకట్టు ఒక్కటే కత్తిలా కోశాను, కింద గుండ్రం అలాగే ఉంచాను. జనం చదివారు.

అధ్యాపకురాలు: చదివింది టైటిల్ కాబట్టి. అదే అక్షరాలతో పేరా వేసి చూపించండి.

ప్రెస్ యజమాని: పేరా వేస్తే ప్రూఫ్ దిద్దాల్సింది మా కుర్రాడు. వాడి కళ్లు నాకు కావాలి సార్.